ఉప్పుబొమ్మల కోటలో ఇంగువ పాట

పొగమల మీద ముందు పొయ్యి రాజుకుంటుంది, ఆ తరువాతే తెల్లవారుతుంది. ఆ కొండ నెత్తిన ఉన్న కుంభజిహ్వుడి కోట దూరం నుంచి చూసేవారికి బురుజులు, ప్రాకారం, కందకం ఉన్న మామూలు కోటలాగే కనిపిస్తుంది. దగ్గరికి వెళితే గాని తెలియదు, ఆ బురుజులన్నీ పొగగొట్టాలనీ, కందకంలో పారేది నీరు కాదు, చిక్కటి గంజి అనీ! సింహద్వారానికి అటూ ఇటూ ఏనుగులంతేసి రుబ్బురోళ్ళు నిలబడి ఉంటాయి. గుమ్మాలకు మామిడాకుల బదులు వడియాల దండలు వేలాడుతుంటాయి. గాలి వీచిందంటే చాలు, ధనియాలు వేగుతున్న వాసన ఆ కొండ దిగి, అడవి దాటి, పొరుగు దేశాల్లో ఉపవాసం ఉన్నవారి వ్రతాలు చెడగొడుతుంది.

లోకంలో మాంత్రికులు రకరకాలు. కొందరికి రాజ్యం మీద ఆశ, కొందరికి రాకుమార్తెల మీద ఆశ. కుంభజిహ్వుడికి భోజనం మీద ఆశ. అన్నిటిలోకీ ప్రమాదమైనది ఇదే. రాజ్యం దొరికితే మొదటివాడు ఊరుకుంటాడు. ఆకలి మాత్రం పొద్దున తీరి మధ్యాహ్నానికి మళ్ళీ పుడుతుంది.

ఆ ఉదయం ఆ కోట ద్వారం ముందు గరిటె భుజాన వేసుకుని ఒక బక్కపలచని వంటవాడు వచ్చి నిలబడ్డాడు. పేరు లవంగయ్య అన్నాడు. మనిషి కన్నా మీసం పెద్దది. అది నల్లగుర్రం తోక నుంచి కత్తిరించి పనసజిగురుతో అతికించిన మీసమనీ, దాని వెనక ఉన్నది మకరందపురం రాకుమారి విద్యుల్లత అనీ పాఠకులకు చెప్పినా ఫరవాలేదు. కాపలా భూతాలకు మాత్రం చెప్పకండి.

ఆమె అన్న జయకేతు వేటకు వెళ్ళి, దారి తప్పి, ఈ కోటలో ఆతిథ్యం అందుకున్నాడు. మొదటి ముద్ద తిని భేష్ అన్నాడు. రెండో ముద్దకు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా తల నుంచి పాదాల దాకా తెల్లని ఉప్పుబొమ్మ అయిపోయాడు. గుమ్మం బయట గుర్రం పట్టుకుని నిల్చున్న భటుడు ఇదంతా చూసి, ప్రాణాలు అరచేత పెట్టుకుని పరుగెత్తుకొచ్చి చెప్పాడు. మహారాజు వెంటనే సైన్యం కదలాలన్నాడు.

"సైన్యం వెళితే దానికీ భోజనం పెడతాడు నాన్నగారూ," అంది విద్యుల్లత. "మన దేశానికి అంత ఉప్పు అక్కర్లేదు. నేను వెళతాను."

కాపలా భూతం లవంగయ్యను కిందా మీదా చూసింది. "ఏం వండగలవురా?" అంది.

"మీరేం తినగలరో అది."

భూతం నోట్లో నీళ్ళూరాయి. తలుపు తెరుచుకుంది.

వంటశాల చిన్న నగరమంత ఉంది. పొయ్యిల వరసలు వీధుల్లా సాగిపోతున్నాయి. ఒక వీధిలో అప్పాలు, ఒక వీధిలో అరిసెలు, మూలగా తిరుగుతున్న సందులో పచ్చళ్ళు. నెయ్యి కాలువలో పారుతున్నది. వీటన్నిటికీ నడుమ, నలుగురు దిగి స్నానం చేసేంత వెడల్పున, ఒక ఇత్తడి గంగాళం నిప్పులేని పొయ్యి మీద కూర్చుని ఉంది. చిత్రమేమిటంటే ప్రతి వంటవాడూ పాడుతున్నాడు. జోలపాటలు, దంపుళ్ళ పాటలు, ఏలపదాలు. గొంతు బొంగురుపోయినవాడు కూడా కూనిరాగం మానడం లేదు.

చేతిలో రోకలి పట్టుకున్న ఒక లావుపాటి ఆడమనిషి ఎదురొచ్చింది. ఆమె పేరు అక్కజంబ. ఆ వంటశాలకు పెద్ద.

"ఓ మీసాలయ్యా! కొత్తవాడివి, చెబుతున్నా విను. ఇక్కడ చెయ్యి వంట మీద ఉంటే నోరు పాట మీద ఉండాలి. పాడే నోరు తినలేదుగా! పాట ఆగిందంటే నువ్వు గుటకేశావన్నమాటే. వంటంతా ఎంగిలన్నమాటే. అదుగో, అప్పుడు అవి దిగుతాయి."

విద్యుల్లత తలెత్తి చూసింది. దూలాల మీద ఇనుపకాకులు బారులు తీరి కూర్చున్నాయి. ముక్కులు కత్తుల్లా ఉన్నాయి. కళ్ళు మూసుకుని పాటలు వింటున్నాయి.

"ఇవాళ మరీ జాగ్రత్త," అక్కజంబ గొంతు తగ్గించింది. "ఈ గంగాళంలో అమరభోజనం వండిస్తాడు దొర. కప్పు మీది కంతలోంచి ఎండ తిన్నగా గంగాళంలో పడే వేళకి వంటయిపోవాలి, అందులో కొత్త బొమ్మ ఉప్పు పడాలి. తిన్నాడా, ఇక చావు లేదు వాడికి."

"కొత్త బొమ్మ?"

అక్కజంబ గడ్డంతో చూపించింది. గోడ వెంట గూళ్ళలో ఉప్పుబొమ్మలు నిలబడి ఉన్నాయి. కిరీటాలున్నవాళ్ళు, కత్తులున్నవాళ్ళు. చివరి గూట్లో చెయ్యి చాపుకుని జయకేతు. పెదవుల మీద ఆ మొదటి ముద్ద తాలూకు సంతోషం ఇంకా అలాగే ఉంది. చిన్నప్పటి నుంచి తన పళ్ళెంలోంచి అప్పచ్చులు దొంగిలించిన చెయ్యి అది. విద్యుల్లతకు ఏడుపు తన్నుకొచ్చింది. మీసం ఊడుతుందని ఆపుకుంది.

"కరిగిన ఉప్పు మళ్ళీ మనిషవుతుందా, పెద్దమ్మా?"

"పులుసులో కలిసిన ఉప్పుని ఏరినవాళ్ళెవరయ్యా? కరక్కుండా ఉంటేనే ఆశ. అదుగో, ఆ పక్కనున్నది మా ఆయన. గారె రుచి చూశాడు, పాపిష్టివాడు." రోకలితో నేలను ఒక్క పోటు పొడిచింది. "గంగాళం ఉడుకుతున్నంతసేపూ దొర మంత్రం చదువుతూనే ఉండాలి. ఒక్క అక్షరం తప్పితే కట్టు విడిపోతుంది, అందరూ లేస్తారు. కానీ తప్పడు. ఒకసారి వేరే మంత్రం చదువుతుంటే పక్కన పిడుగు పడింది. రెప్పైనా వెయ్యలా."

అన్నను గోనెలో చుట్టి ఉప్పుబండిలో కోట దాటించాలని విద్యుల్లత ఆలోచన. అంతలో దడదడమని భూతాల అడుగుల చప్పుడు. పనిలేకుండా నిలబడితే అనుమానిస్తారని ఆమె చటుక్కున ఒక కొరకంచు అందుకుని, ఎదురుగా నిప్పులేకుండా ఉన్న పొయ్యిలో దోపింది. పొయ్యి భగ్గుమంది. అంతఃపురంలో పెరిగిన పిల్లకు పొయ్యి అంటే మండేదని మాత్రమే తెలుసు. దాన్ని ఎవరు రాజెయ్యాలి, ఎప్పుడు రాజెయ్యాలి అనే మర్యాదలు తెలియవు.

అక్కజంబ నెత్తి బాదుకుంది. "ఓరి నాయనో! అమరభోజనం పొయ్యి రాజేశావా? అది రాజేసిన గొంతే నైవేద్యం దాకా సాగాలయ్యా! పక్కవాళ్ళు గొంతు కలపొచ్చు గాని ఆ గొంతు ఆగకూడదు! ఇంకా చూస్తావేం? పాడు!"

దూలాల మీద ఇనుపకాకులన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచాయి.

పాట ఆపేస్తే యాగం చెడుతుంది, నిజమే. కానీ కాకులు వంటశాలలో ఒక్క ప్రాణిని మిగల్చవు. మాంత్రికుడు రేపు మళ్ళీ పొయ్యి రాజేయిస్తాడు. విద్యుల్లత గుండె చిక్కబట్టుకుని నోరు తెరిచింది.

మొదట జోలపాట వచ్చింది. అది వినేసరికి అప్పాల వీధిలో నలుగురు నిద్రపోబోయి, పక్కవాళ్ళు గిల్లితే లేచారు. తరువాత మకరందపురం సైన్యం కవాతు పాట అందుకుంది. వంటవాళ్ళు గరిటెలు భుజాన వేసుకుని కదం తొక్కారు. అదీ అయిపోయింది. ఇంకేమీ తోచక మంగళహారతి ఎత్తుకుంది.

"వంటే కాలేదు, హారతేమిటయ్యా!" అని గొణిగింది అక్కజంబ, గంగాళంలో పప్పు పోస్తూ.

సరిగ్గా అప్పుడే శంఖాలు మోగాయి. మయూరపింఛాల వింజామరలు వీచుతుండగా, ఎముకల మాలికలు గలగలలాడుతుండగా, ధూపధూమాల నడుమ నుంచి కుంభజిహ్వుడు ప్రవేశించాడు. తాటిచెట్టంత మనిషి. బొడ్డు దాకా దిగిన ఎర్రటి గడ్డం. నల్లని నేత్రాలు, వాటి కింద నేతి మరకల బుగ్గలు, ఆ బుగ్గల నడుమ ముక్కును అందుకుని తిరిగి గడ్డాన్ని తాకగల నాలుక! మెడలో దండ చూసి రుద్రాక్షలనుకుంటే పొరపాటే, అవి జాజికాయలు. అతడు గంగాళం పక్కనే పులితోలు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పాడుతున్న వంటవాణ్ణి ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"ఓం హ్రీం క్రౌం, లవణభైరవాయ, హుం హుం హ్రీం..."

గంగాళంలో పప్పు కుతకుతమంది. గూళ్ళలోని బొమ్మలు సన్నగా మెరిశాయి. కప్పు కంతలోంచి పడుతున్న ఎండ గోడ దిగి నేల మీద పాకసాగింది.

మంగళహారతి చివరి చరణానికి వచ్చింది. విద్యుల్లతకు వచ్చిన పాటలు అంతటితో సరి. వీణ నేర్పే గురువు వచ్చినప్పుడల్లా కత్తిసాముకు పారిపోయినందుకు ఇప్పుడు తగిన శాస్తి జరిగింది. ఆఖరి మాట సాగదీసింది. ఇంకా సాగదీసింది. ఊపిరి అయిపోవస్తున్నది. పైన ఒక కాకి రెక్క విదిల్చింది. ఆమె చూపు బెదురుగా అటూ ఇటూ తిరిగింది. ఎదురుగా పళ్ళెంలో గారెలు. పక్కన జీలకర్ర డబ్బా. దాని మీద ఇంగువ ముద్ద.

కంటికి కనిపించిందల్లా నోటికి వచ్చేసింది.

"జింగిరి బింగిరి జీలకర్ర — ఇంగువ ఇంగువ ఇం!
గారెల అత్తకు గొడుగెవరిచ్చె — ఇంగువ ఇంగువ ఇం!
పులుసు ఏటిలో పులి ఈదులాడె — ఇంగువ ఇంగువ ఇం!
బూరె బుర్రకు తలనొప్పాయె — ఇంగువ ఇంగువ ఇం!"

అర్థం అడగకండి. పాడినామెకే తెలియదు. గారెలకు అత్త ఎవరో, ఆమెకు గొడుగు దేనికో ఏ పురాణంలోనూ లేదు.

పాట అన్నాక తాళం ఉండాలి కదా! అక్కజంబ రోకలి ఎత్తింది. నవ్వు ఆపుకోలేక వెయ్యవలసిన చోట వెయ్యలేదు, కాస్త ఆగి పక్కన వేసింది. తాళం తప్పింది. మళ్ళీ వచ్చేసరికి మళ్ళీ అక్కడే తప్పింది. ఒకసారి తప్పితే తప్పు గాని, ప్రతిసారీ అక్కడే తప్పితే అది కొత్త తాళం. విద్యుల్లత నడుము దానంతటది ఆ తప్పిన చోటికి ఊగింది.

"దిబ్బరొట్టె దివాణమెక్కె, దోసకాయ దివానాయె,
ఆవడ అలిగి పెరుగులో దూకె, అప్పడమయ్యో అని విరిగె,
డుబుకు డుబుకు దప్పళం, దబదబ దబదబ దప్పళం,
సున్నుండా ఓ సున్నుండా, నిను చూస్తే ఆగదు నా గుండె —"

"ఇంగువ ఇంగువ ఇం!" అంది పచ్చళ్ళ సందు మొత్తం ఒక్క గొంతుతో.

ఇక చూడాలి ఆ వంటశాల వైభవం! తిరగళ్ళు గురగురమని శ్రుతి పట్టాయి. జల్లెడలు జలజలలాడాయి. తాలింపులో ఆవాలు చిటచిట, చిట, చిటచిటమని ఎవరూ అడగని గమకాలు పలికాయి. ఇత్తడి బిందె బోర్లించి ఒకడు వేళ్ళతో మోత మోగించాడు. నిప్పు ఊదే గొట్టం ఎత్తి ఒక ముసలివాడు 'పెపె పేఁ... పెపేఁ' అని ఊదాడు. ఆ గొట్టంలో అంత రాగం ఉందని ఇన్నేళ్ళుగా వాడికే తెలియదు. విద్యుల్లతకు మాటలు కూడా అడ్డమైపోయాయి. "డబుడుబు డబుడుబు డుబ్బాపప్పు, షపషప షాపా చారు!" అని గొంతును గాలిపటంలా వదిలేసింది. వంటవాళ్ళు నవ్వుతున్నారు. భయంతో పాడిన నోళ్ళు మొట్టమొదటిసారి సరదాకు పాడుతున్నాయి.

కుంభజిహ్వుడు కళ్ళు తెరిచి ఉరిమి చూశాడు. నోరు ముయ్యరా అనలేడు. అంటే మంత్రం ఆగుతుంది. సైగ చేసి పాట ఆపించలేడు. ఆపితే భోజనం ఎంగిలవుతుంది. ఆ కట్టడి పెట్టినది ఎవరయ్యా అంటే తనే! తాను తవ్విన గోతిలో కూర్చుని "హ్రీం క్రౌం" అంటూ పళ్ళు కొరికాడు.

కాసేపటికి అతడి కాలి బొటనవేలు కదిలింది.

దాన్ని చేత్తో నొక్కిపెట్టాడు. ఈసారి మోకాలు ఊగింది. సైగతో గోధుమపిండి ముద్ద తెప్పించి చెవుల్లో కూరుకున్నాడు. చెవులు మూసుకుంటే ఏం లాభం? రోకలి దెబ్బ నేలలోంచి పులితోలులోకి, పులితోలులోంచి వెన్నులోకి వస్తున్నది. ఎర్రటి గడ్డం కొస తప్పిన తాళానికి తప్పిన చోటే ఎగిరెగిరి పడుతున్నది. అయినా మహాఘటికుడు, మంత్రంలో ఒక్క అక్షరం జారనివ్వలేదు.

గంగాళం ఆవిరికి పనసజిగురు కరిగింది. మీసం ఒక వైపు వేలాడి, జారి, పప్పులో పడబోయింది. విద్యుల్లత గరిటెతో దాన్ని గాలిలోనే ఎగరగొట్టింది. అది వెళ్ళి ఒక ఇనుపకాకి ముక్కు కింద అతుక్కుంది. కాకి ఏమీ అనలేదు. దాని తల అప్పటికే తాళానికి ఊగుతున్నది.

"అమ్మ తల్లో, ఆడపిల్లా!" అంది అక్కజంబ.

మాంత్రికుడు ఆ ముఖం చూశాడు. గూట్లోని జయకేతు ముఖం చూశాడు. రెండు ముక్కులూ ఒకటే అచ్చు. విషయం అర్థమైపోయింది. చర్రున లేచాడు. మంత్రం చదువుతూనే గూటి దగ్గరికి వెళ్ళి, బంగారు చాకు తీసి, జయకేతు చాచిన అరచేతి మీద గీరాడు. తెల్లటి ఉప్పు చిటికెడు రాలి అతడి వేళ్ళలో పడింది. మంత్రం చదువుతూనే గంగాళం వైపు నడిచాడు. ఎండ అంచు దాటి లోపలికి దిగబోతున్నది.

విద్యుల్లత ప్రాణం ఆ వేళ్ళ మధ్య ఉంది.

ఆమె వెనక్కు తగ్గలేదు. పాడుతూ, ఆడుతూ, గరిటె తిప్పుతూ తిన్నగా మాంత్రికుడి ముందుకు వచ్చింది. ముఖంలో ముఖం పెట్టింది. వంటశాల అంతా ఆ గరిటె కొసనే చూస్తున్నది. తిరగలి దాన్నే చూస్తున్నది. గొట్టం ఊదే ముసలివాడు బుగ్గలు పూరించి ఉన్నాడు.

"జింగిరి బింగిరి జీలకర్ర!" ఆమె గొంతు కప్పు అందుకుంది. "ఇంగువ..." గరిటె పైకి లేచింది. "ఇంగువ..."

గరిటె ఆగిపోయింది. ఆమె నోరు మూసుకుంది.

రోకలి గాలిలో నిలిచింది. తిరగలి నిలిచింది. ఆ మహాపాకశాలలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పైన ఇనుపకాకుల కళ్ళు నిప్పుల్లా మారాయి. రెక్కలు బార్లా విచ్చుకున్నాయి. అక్కజంబ కళ్ళు గట్టిగా మూసుకుంది.

నోటికి పట్టిన పాట ఆఖరి మాట దగ్గర ఆగిపోతే ఎంత యాతనో పాఠకులకు తెలియనిది కాదు. ముక్కు దాకా వచ్చిన తుమ్ము రాకుండా ఆగినట్టుంటుంది. కుంభజిహ్వుడి పెదవులు వణికాయి. చెంపలు ఉబ్బాయి. నుదుటి నరాలు పొంగాయి.

"లవణభైరవాయ... హుం హుం... హ్రీ... హ్రీ..."

ఆ పొడవాటి నాలుక యజమానిని అడగకుండా బయటికి దూకింది.

"ఇం!"

అంతే! పాట ఆగలేదు, దాన్ని మాంత్రికుడే పూర్తి చేశాడు. కాకులు ఎవరిని పొడవాలో తెలియక రెక్కలు ముడుచుకున్నాయి. ఆగినది మంత్రం! భూమి దద్దరిల్లింది. పొగగొట్టాలు దగ్గాయి. పొయ్యి ఉఫ్ఫుమని ఆరిపోయింది. గూళ్ళలో ఫెళఫెళమని పైపొరలు పగిలి, తెల్లని దుమ్ములోంచి రాకుమారులు తుమ్ముకుంటూ నడిచి వచ్చారు. వంటశాల ఒక్క పెట్టున జయజయధ్వానం చేసింది. అక్కజంబ మొగుడు గూట్లోంచి కిందపడి, "గారె ఏదే?" అన్నాడు. ఆమె అతణ్ణి వాటేసుకుని, ఏడ్చి, వీపు మీద ఒక్కటిచ్చి, మళ్ళీ ఏడ్చింది.

జయకేతు కళ్ళు నులుముకున్నాడు. ఎదురుగా గరిటె పట్టుకుని నిల్చున్న వంటవాణ్ణి చూశాడు.

"చెల్లీ! నీకు వంటెప్పుడు వచ్చింది?"

"రాలేదు అన్నయ్యా," అంటూ ఆమె అతడి మెడను కావలించుకుంది. ఆపుకున్న ఏడుపంతా అక్కడ వదిలేసింది.

"మరి ఆకలేస్తోందే నాకు."

నవ్వుతూ అన్న చెయ్యి పట్టుకోబోయిన విద్యుల్లత ఉలిక్కిపడింది. మనిషంతా మనిషే. కుడి అరచెయ్యి మాత్రం ఇంకా ఉప్పు! గీరిన చోట చిన్న గుంట. ఆ చిటికెడూ మాంత్రికుడి గుప్పిట్లో ఉంది.

గిర్రున తిరిగి చూసింది. కుంభజిహ్వుడు పొగగొట్టం నిచ్చెన ఎక్కుతున్నాడు. రాకుమారులు కత్తులు దూసి వెంటపడ్డారు. అతడు వెనక్కు తిరిగి, "మండూకో భవ..." అని చెయ్యెత్తాడు. "మండూకో భవ... జింగిరి బింగిరి..." నోట మంత్రం రాలేదు. రాకుమారులు కప్పలు కావడానికి బదులు వాళ్ళ నెత్తిన బుట్టెడు జీలకర్ర జల్లున రాలింది. "ఛీ! స్తంభయ స్తంభయ... ఇంగువ ఇం!" ఇంగువ ముద్దలు దబదబ పడ్డాయి. ఊదుగొట్టం ముసలివాడు సంతోషంగా వాటిని ఏరుకున్నాడు.

బురుజు మీద కాచుకున్న రాబందు వీపెక్కి మాంత్రికుడు గొంతు చించుకుని అరిచాడు. "నవ్వండర్రా, నవ్వండి! ఉత్తరాన వానకొండలో మా అక్క శిలాకర్ణి ఉంది. ఆమెకు చెవుల్లేవు. మీ పిచ్చిపాట ఆమెను ఏం చేస్తుంది? ఈ చిటికెడు ఉప్పు ఆమె నోట పడనీ, వాడి ఒళ్ళంతా మళ్ళీ ఉప్పే!"

రాబందు మేఘాల్లోకి లేచింది. జయకేతు తన చెయ్యి చూసుకున్నాడు. ఆ చిటికెడు దూరమయ్యే కొద్దీ తెలుపు పైకి పాకుతున్నది, అప్పుడే మణికట్టు దాటింది.

"గుర్రాల మీద వెళితే అందుకోలేం," అన్నాడు.

విద్యుల్లత పైకి చూసింది. యజమాని పోయాడు గాని ఇనుపకాకులు పోలేదు. పాట కోసం ఆవురావురుమంటూ తలలు వంచి ఆమెనే చూస్తున్నాయి. మీసమున్న కాకి అయితే మరీను.

"పెద్దమ్మా, ఆ గంగాళం ఒంపెయ్యి! జింగిరి బింగిరి జీలకర్ర —"

కాకులు ఒక్కుమ్మడిగా దిగాయి. పప్పు వీధుల పాలైంది. గంగాళం కడియాలను ముక్కులతో కరిచి పట్టుకుని రెక్కలాడించాయి. అన్నాచెల్లెళ్ళు లోపలికి దూకారు. అక్కజంబ మొగుడి వైపు తిరిగి, "గంజి పొయ్యి మీదుంది, అడుగంటనివ్వకు. నేనిప్పుడే వస్తా," అంటూ రోకలి ఒక చేత, గంగాళం మూత ఒక చేత పట్టుకుని ఎక్కేసింది. వంటశాల కప్పు కంత నుంచి ఆ ఇత్తడి రథం మధ్యాహ్నపు ఎండలో ధగధగ మెరుస్తూ ఆకాశానికెగిరింది. కింద వంటవాళ్ళంతా గరిటెలెత్తి పాట అందించారు. పొగమల ఆ పూట మారుమోగినట్టు మరెన్నడూ మోగలేదు.

అడవులు వెనక్కు పోయాయి. నదులు వెండి తీగల్లా సాగి మాయమయ్యాయి. విద్యుల్లత పాడుతున్నది, కాకులు ఎగురుతున్నాయి. పాట మందగిస్తే రెక్కలు మందగిస్తాయి, ఆగితే ఆగిపోతాయి. ఎదురుగా ఉత్తరాన నల్లటి మబ్బు కొండలా లేచి నిలబడింది. రాబందు అందులోకి దూరిపోయింది. తడిగాలి ముఖానికి కొట్టింది.

"వాన!" అంది అక్కజంబ. చూపు జయకేతు చేతి మీద పడింది. ఉప్పు అప్పటికి మోచెయ్యి దాకా పాకింది. "నాయనా, తడిస్తే ఉంటుందా అది!"

"చుట్టూ తిరిగి వెళదామా?" అన్నాడు జయకేతు.

చుట్టూ తిరిగితే ఆలస్యం, ఆలస్యమైతే భుజం దాకా, గుండె దాకా ఉప్పు. విద్యుల్లత పాట ఆపకుండానే తల అడ్డంగా ఊపింది. అక్కజంబ ఇక ఆలోచించలేదు. ఆ రాకుమారుణ్ణి మెడ వంచి గంగాళం అడుగున కూర్చోబెట్టి, మూత వేసి, దాని మీద తాను కూర్చుంది. విద్యుల్లత కడియం మీద కాలు మోపి అంచు పట్టుకుని నిలబడింది.

మబ్బు వాళ్ళను మింగింది. చినుకులు మూత మీద టపటప మొదలై, చూస్తుండగానే జోరందుకున్నాయి. మెరుపులో కిందుగా వానకొండ కనిపించింది. దాని నోట్లో ఒక గుహ, గుహ ముందు చెవుల్లేని ఒక ఆకారం చెయ్యి చాపి నిలబడి ఉంది. రాబందు ఆ చేతి వైపు దిగుతున్నది.

"ఆవడ అలిగి పెరుగు..." విద్యుల్లత గొంతు పూడిపోయింది. పొద్దుటి నుంచి పాడిన గొంతు. మళ్ళీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కాకుల రెక్కలు నెమ్మదించాయి. గంగాళం ఒక వైపు ఒరిగి, రాయిలా కిందికి జారసాగింది. అక్కజంబ తనకు తోచింది పాడింది, కాకులు వినలేదు. వాటికి కావలసినది ఇంగువ పాట, అదీ మకరందపురం రాజవంశపు గొంతులో.

అప్పుడు మూత కింద నుంచి అపశ్రుతిలో, మొండిగా, ఉరుము కన్నా గట్టిగా ఒక గొంతు లేచింది. పుట్టి బుద్ధెరిగి జయకేతు పాడినది లేదు. పాడబోతే అంతఃపురమంతా దణ్ణం పెట్టి మాన్పించేది.

"చెల్లీ, నువ్వు ఊపిరి పీల్చుకో. ఈ చరణం నాది! దిబ్బరొట్టె దివాణమెక్కె..."

వాన ఆ మూత మీద తప్పిన చోటల్లా దరువు వేసింది. కాకులు ఒక్కసారి కావుమని, రెక్కలు విదిల్చి, ఆ గంగాళాన్ని తిన్నగా శిలాకర్ణి చాచిన చేతి మీదికి దూకించాయి.